బండి పక్కన మనిషి

ఆదివారం పొద్దున జగ్గారావు షెడ్డులో ఆడే ఆటకి ఒక్కటే నియమం. ఫోటోలో మనుషులుంటే ముందు వాళ్ళని మూసెయ్యాలి.

ఆ నియమం పెట్టినవాడు నీలకంఠం. పోర్టు ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాకినాడ వైపునుంచి ఉద్యోగానికని వచ్చి విశాఖపట్నంలోనే తల నెరిసినవాడు. ఫోటో పేపరుకి చుట్టి వచ్చే నల్లకాగితాన్ని స్టూడియోవాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకుని, చిన్న కత్తెరతో మనిషి ఆకారానికి తగ్గట్టు కత్తిరించేవాడు. పెళ్ళికొడుకు మీద ఒక ముక్క, పెళ్ళికూతురు మీద ఒక ముక్క, బోనెట్ మీద చెయ్యేసి నిలబడ్డ ఎస్టేటు దొర మీద ఒక ముక్క. ఇక మిగిలేది బండి. దాని ముక్కు, దాని బంపరు, చక్రం మధ్య మూత. అది చూసి చెప్పాలి ఏ బండో, ఏ మోడలో, ఏ ఏటిదో.

"మీసకట్టు చూసి, చీర అంచు చూసి ఏడు పట్టేసేవాడికి బండి తెలిసినట్టు కాదు" అనేవాడు ఆయన. "మనుషులు పాత బట్టలు కట్టుకుంటారు, జుట్టుకి రంగు వేసుకుంటారు. బండి అలాంటిది కాదు. ఎప్పుడు పుట్టిందో దాని మొహం మీదే రాసి ఉంటుంది."

షెడ్డు వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు వెనక సందులో ఉంది. ఆదివారం రిపేర్లు ఉండవు. టూల్‌బాక్సు మీద ప్లైవుడ్ చెక్క పరిచి, దాని చుట్టూ నలుగురూ కూర్చునేవారు. షెడ్డు యజమాని జగ్గారావు చేతిమీదుగా పోని అంబాసిడర్ ఆ ఊళ్ళో తక్కువ. భీమశంకరరావు కస్టమ్స్‌లో రిటైరైనవాడు. ఓడల్లోంచి నావికులు వదిలేసిపోయిన మోటారు పత్రికలు పూర్ణా మార్కెట్లో కిలోల లెక్కన అమ్ముతుంటే కొనుక్కొచ్చి చింపి అతికించి పెట్టుకునేవాడు. నాలుగోవాడు దొరబాబు. స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా ఈమధ్యనే చేరాడు. పాతికేళ్ళవాడు. పని చేసేది పుట్టబోయే ఫ్యాక్టరీలో, ప్రాణం మాత్రం తను పుట్టకముందు కార్లమీద. నిలబడితే ఏదో ఒక బండి బోనెట్ మీద ఎడమచెయ్యి ఆనించి, బరువంతా ఒక కాలిమీద వేసి, గడ్డం కొంచెం ఎత్తి నిలబడేవాడు. "బావ ఫోటోకి నిలబడినాడ్రా" అని జగ్గారావు ఏడిపించేవాడు.

ఆ ఆదివారం దొరబాబు చంకలో ఒక పటం పెట్టుకుని వచ్చాడు.

"ఇయాల నాను తెచ్చినాను బావా. గురువుగారు గాని సెప్పలేపోతే టీలు ఆయనవే."

"ఆయన సెప్పలేపోడమేటి? బంపరు మీద సొట్ట సూపించినా ఆ కారు జాతకం సెప్పీగలడు" అన్నాడు జగ్గారావు.

దొరబాబు గోడవైపు తిరిగి పటం వెనక మేకులు ఊడదీశాడు. ఫోటో బయటికి తీసి, తనే ఒక నల్లముక్క తీసుకుని మనిషి మీద పెట్టి, వేలితో అదిమిపట్టి బల్లమీద ఉంచాడు. ముక్క కింద ఎవరున్నారో అతను తప్ప ఎవరూ చూడలేదు. గుంభనంగా నవ్వుతున్నాడు.

నీలకంఠానికి భూతద్దం తీసి తుడుచుకునేపాటి సమయం కూడా పట్టలేదు.

"హెరాల్డ్. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. దీపాల మీద కనుబొమలు చూడండి, ఇంకే బండికీ ఇలా ఉండవు. బోనెట్టూ చక్రాల మీది రెక్కలూ ఒకే ముక్క, మొత్తం ముందుకి లేస్తుంది. తలుపు మీద నంబరు పెయింట్ చేశారు, వెనక గడ్డిమోపులూ డ్రమ్ములూ ఉన్నాయి. ఏదో రేసు. మద్రాసు దగ్గర షోలవరం కావచ్చు. మద్రాసులో ఈ బండి తయారవడం మొదలైంది అరవై ఒకటిలో. అంచేత ఫోటో ఆ తర్వాతిదే."

దొరబాబు మొహంమీద నవ్వు అలాగే ఉంది. దాన్ని తీసెయ్యాలని అతనికి ఇంకా తోచినట్టు లేదు.

"అరవై ఒకటేటి గురువుగారూ? మరొక్కసారి సూడండి. యాబై ఏడో ఎనిమిదో అవ్వాల."

"ఎందుకవ్వాలి?"

"మా అయ్య యాబై ఎనిమిదిలో పోనాడు."

అంటూ నల్లముక్క తీసేశాడు. దాని కింద, హెరాల్డ్ బోనెట్ మీద ఎడమచెయ్యి ఆనించి, ఒక కాలిమీద బరువు వేసి ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

భీమశంకరరావు దగ్గి, "పోనీలేవయ్యా. ఎవరో డబ్బున్న మారాజు ఈ బండి ఇక్కడ తయారవకముందే ఇంగ్లండునుంచి తెప్పించుకుని ఉంటాడు" అన్నాడు. దొరబాబుకి ఒక దారి తెరిచిపెట్టాడాయన. పెద్దమనిషి, మంచిమాట అన్నాడు.

"ఇంగ్లండులోనే యాభై తొమ్మిదిలో పుట్టింది" అన్నాడు నీలకంఠం. "బండి అబద్ధం చెప్పదు అబ్బాయ్."

అనేసరికి ఆయనకి ఒంట్లో చల్లగా, సుఖంగా అనిపించింది. ఎండలో నడిచివచ్చి మజ్జిగ తాగినట్టు. ఆ సుఖం ఆయన తర్వాత మరచిపోలేకపోయాడు.

---

మరుసటి ఆదివారం దొరబాబు గడ్డం గీసుకోకుండా వచ్చాడు. ఆటకి కూర్చోలేదు.

అతని తండ్రి గవర్రాజు తగరపువలసలో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర డ్రైవరు. షోలవరంలో కారు రేసులకని మద్రాసు వెళ్ళి, అక్కడ కలరా తగిలి ఆస్పత్రిలో పోయాడని, కడుపులో ఉన్న బిడ్డని చూడలేదని తల్లి చెప్పేది. యజమాని తిరిగొచ్చి బట్టలమూట ఇచ్చాడట. శవాన్ని ఎవరూ చూడలేదు. అయ్య రేసులో కారు తోలినాడని, ఇదిగో ఆ రేసేనని గోడమీది పటం చూపించేది. అన్నం తిననని మారాం చేసినప్పుడల్లా ఆ పటం కింద కూర్చోబెట్టి తినిపించేది.

"అడిగీసినాను మాయమ్మని" అన్నాడు దొరబాబు. "యాబై ఎనిమిదిలో సచ్చిపోనోడు అరవై ఒకటి తరవాత కారు పక్కన ఎలగ నిలబడినాడే అన్నాను. బతికున్నాడు మా అయ్య. మమ్మల్నొగ్గీసి మద్రాసులో ఇంకో కాపరం ఎట్టీసినాడు. ఈవిడికి సిగ్గేసి సచ్చిపోనాడని సెప్పింది ఊరందరికీ. బతికున్నోడికి తద్దినాలెట్టించింది నాసేత!"

"ఆవిడేటన్నాది?" అడిగాడు జగ్గారావు.

"ఏవో కతలు సెప్పింది. ఇనలేదు నాను. కూర్మన్నపాలెంలో రూము సూసుకుని ఎల్లిపోనాను."

"తల్లిని ఒక్కదాన్నీ ఒగ్గీసి ఎల్లిపోనావేట్రా?"

"ఆవిడ నాకొక మడిసిని ఇరవయ్యయిదేళ్ళు దాసేసింది బావా. నువ్వయితే ఏటి సేద్దువు?"

దొరబాబు ఆ ఫోటోని న్యూస్‌పేపరులో చుట్టి నీలకంఠం చేతికిచ్చాడు. "నంబరుప్లేటు సగం కనపడతంది గురువుగారూ. మీ అద్దంతో సూసి సెప్పండి. మద్రాసెల్లి ఆ కారెవరిదో ఆరా తీస్తాను. ఆ కారు తెలిస్తే మా అయ్య తెలుస్తాడు."

గురువుగారూ అన్నప్పుడు అతని గొంతులో ఉన్న నమ్మకం నీలకంఠానికి గొప్పగా అనిపించింది. అదీ ఆయన మరచిపోలేకపోయాడు.

---

నీలకంఠం అల్లిపురంలో రెండు గదుల వాటాలో ఒక్కడే ఉంటాడు. భార్య గౌరీశ్వరి పదకొండేళ్ళుగా కాకినాడలో తమ్ముడి దగ్గర ఉంది. గొడవేమీ జరగలేదు. వెళ్ళేముందు ఒకరోజు పెళ్ళి ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, "కళ్ళు మూసుకోండి. ఊరేగింపు ఫోటోలో నేనే చీర కట్టుకున్నానో చెప్పండి" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. వెనక నిలబడ్డ ల్యాండ్‌మాస్టర్ కనిపించింది, దాని ఎడమ బంపరు చివర వంగి ఉండడం కూడా. చీర కనిపించలేదు. గౌరీశ్వరి నవ్వింది, కోపం తెచ్చుకోలేదు. తర్వాత కొన్నాళ్ళకి వెళ్ళింది, రాలేదు.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర బల్ల వేసుకుని, పేపరు విప్పి, ఫోటో మీద పడ్డ ఎర్రదుమ్ము ఊది భూతద్దం తీశాడు. ఆ దుమ్ము ఇనపరాయిని ఓడలకెత్తే ఓర్ డాకుల నుంచి వస్తుంది. ఆ ఊళ్ళో అన్నం మీదా అదే, అద్దం మీదా అదే. నంబరుప్లేటు మీద అద్దం పెట్టాడు. ఎం, ఎస్, తర్వాత ఎక్స్ కావచ్చు. అంకెల్లో మొదటిది మూడో ఎనిమిదో. సరిగ్గా చూద్దామని అద్దం కొంచెం పైకి జరిపాడు. అది బోనెట్ దాటి, బోనెట్ మీద చెయ్యి దాటి, మెడ దగ్గర ఆగింది.

మెడ చుట్టూ గీత ఉంది.

బ్లేడుతో కోసిన అంచు. దాన్ని కలపడానికి ఎవరో సన్న కుంచెతో బూడిదరంగు పూశారు. కాలరు దగ్గర రంగు కొంచెం ఒలికింది. ఒంటి మీద వెలుతురు ఎడమనుంచి పడుతోంది. చొక్కా మడతల నీడలన్నీ కుడివైపుకి ఉన్నాయి. ముక్కు నీడ మాత్రం ఎడమవైపు చెంప మీద పడింది. ఒంటికి తల ఒక్క పిసరు పెద్దది. ఆ తల ఈ ఒంటిది కాదు. ఎక్కడో వేరే గదిలో, వేరే దీపం కింద తీసిన తల. లైసెన్సు ఫోటోల్లో ఉండే తల.

చనిపోయినవాళ్ళ తలలు ఇలా అతికించడం ఆ రోజుల్లో స్టూడియోవాళ్ళకి మామూలే. పెళ్ళినాటికే పోయిన తండ్రిని పీటల పక్కన నిలబెట్టేవారు. అది ఎవరికీ అబద్ధంగా తోచేది కాదు. నీలకంఠానికి కూడా ఆ సంగతి తెలుసు. మనుషుల్ని చూసే అలవాటున్న ఏ పనిలేనివాడైనా, మీసాలు చూసి ఏడు చెప్పేవాడైనా, ముక్క తీసిన మరుక్షణం పట్టేసి ఉండేవాడు.

అద్దం పక్కన పెట్టాడు. అప్పుడు మొదలైంది ఆయనకి అసలు బాధ.

ముక్క తీసినప్పుడు తను చూశాడా?

చూపు ఆ మనిషిమీద పడిన సంగతి గుర్తుంది. వెంటనే బండి మీదకి జారిన సంగతీ గుర్తుంది. ఎందుకు జారింది? చూడడానికి అక్కడేమీ లేకనా, చూడకూడనిదేదో ఉండబట్టా? మనిషి కళ్ళు ఇష్టంలేనిదాన్ని చూసి, చూసినట్టు మనసుకి చెప్పకుండా దాటిపోగలవు. ఇంటికొచ్చిన అప్పులవాడికి పిల్లలచేత లేడని చెప్పించినట్టు. భీమశంకరరావు దారి తెరిచిపెట్టినప్పుడు దాన్ని మూసెయ్యడానికి తనకంత తొందరెందుకు? ఆ మెడ దగ్గర ఏదో తేడా ఉందని లోపల ఒకడికి తెలిసిపోయి, ఆ సంగతి బయటపడేలోగా బండి మాటే నెగ్గాలని వాడే నోరు తెరిపించాడా?

ఎంత తవ్వినా అడుగు తగలలేదు. చూశానని ఒకపూట అనిపించేది, చూడలేదని ఒకపూట. చూడలేదని అనిపించిన పూట కూడా అన్నం సయించేది కాదు.

ఇంకో చిక్కు ఉంది. తను చెప్పినదాంట్లో తప్పు లేదు. బండి హెరాల్డే. ఏడు అరవై ఒకటి తర్వాతే. తప్పు చెప్పినవాడు వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పు చెప్పినవాడు దేన్ని వెనక్కి తీసుకుంటాడు?

అలా ఆలోచిస్తూనే మరుసటి ఆదివారం షెడ్డుకి వెళ్ళి, "ఎం.ఎస్.ఎక్స్. అంకెలు ఇంకా తేలలేదు" అన్నాడు. ఆ మాటా నిజమే. దొరబాబు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఫోటో ఇంకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఈలోపు దొరబాబు మద్రాసు వెళ్ళడానికి సెలవు అడిగాడు. ట్రైనింగులో సెలవులేదన్నారు. అయితే ఉద్యోగమే మానేస్తానని, రాజీనామా రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని జగ్గారావు చెప్పాడు.

"ఎంతమందికొచ్చింది బాబూ ఆ ఉద్యోగం? భూములిచ్చినోళ్ళకే ఇంకా రాలేదు. దాన్నొగ్గీసి అరవ దేశంలో అయ్యని ఎతుకుతాడట" అన్నాడు జగ్గారావు, భీమశంకరరావుతో. నీలకంఠం వినీ విననట్టు ఒక ప్లిమత్ కారు ఫోటో మీద నల్లముక్క సర్దుతూ కూర్చున్నాడు. చెప్పాలనుకున్నాడు. చెప్తే, ఎప్పుడు తెలిసిందని అడుగుతారు.

---

పోర్టు క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ సాంబారు బకెట్‌తో తిరిగే ఆవిడ ఆయన బల్ల దగ్గర ఆగింది. రోజూ ఆగుతుంది, ఒక గరిటె వేసి వెళ్తుంది. ఈరోజు వెళ్ళలేదు.

"బాబూ, నీలకంఠంగారంటే మీరేనేటి?"

ఆయన తలెత్తాడు. ఎన్నేళ్ళుగానో తన కంచంలో వడ్డిస్తున్న మనిషి. ఆ మొహాన్ని ఎప్పుడైనా చూసినట్టు గుర్తులేదు.

"నేనే."

"కార్ల పేర్లు సెప్తారట గదా. నాను దొరబాబు తల్లిని. తవిటమ్మంటారు."

అన్నం ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. తవిటమ్మ బకెట్ కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని గొంతు తగ్గించింది.

"గుంటడ్ని బడిలో ఏసినప్పుడు, నీ అయ్య ఏడిరా అని తోటి గుంటలు ఏడిపించినారు బాబూ. ఇంటికొచ్చి, అందరికీ అయ్యలున్నారు, నా అయ్య బొమ్మయినా సూపించవేటే అని ఒకటే ఏడుపు. నా దగ్గర ఆయన లైసెన్సు ఒకటే ఉంది. దాన్లో గోరంత బొమ్మ. పట్టుకుని స్టూడియోకెల్లినాను. ఆల గోడకి కారు రేసు ఫోటో ఒకటుంది, మద్రాసుది. ఈ కారు పక్కన నిలబెట్టమంటావేటి అన్నాడు. ఆయనకి కార్లంటే పేణం గదా, నిలబెట్టు బాబూ అన్నాను. ఏ కారయితే ఏటి? కారు పక్కన నిలబడినాడు, అంతే గదా. దానికొక ఏడుంటాదని నాకేటి తెలుసు?"

నీలకంఠం చేతిలోని ముద్ద కంచంలో వదిలేశాడు.

"తల అతికించినార్రా అని సెప్తే, ఇదింకో అబద్దమా అన్నాడు. నా మాట నమ్మడు. మీ మాటంటే ఆడికి ఏదవాక్కు. సోమవారం ఎల్లిపోతాడట. ఉజ్జోగం కాయితం కూడా ఇచ్చీస్తాడట. మీరొక్క మాట సెప్పండి బాబూ, ఆ ఫోటో ఒక్కసారి బాగా సూసి. మీరు సూస్తే తెలిసిపోతాది గదా?"

"అలాగా?" అన్నాడు నీలకంఠం. "తల అతికించారా?"

ఆ ఆశ్చర్యం ఎంత సహజంగా వచ్చిందో విని తనే భయపడ్డాడు. తవిటమ్మ అమాయకంగా తలూపింది. ఆయనకి కొత్త సంగతి చెప్పానని, ఇక ఆయన చూసుకుంటాడని ఆవిడ మొహం తేటపడింది.

"ఇంకొక్క మాట. రేసు తోలినాడన్నదాని జోలికి మాత్రం ఎల్లకండి బాబూ. ఆయన మిల్లుదొరని కూసోబెట్టుకుని రేసు సూడ్డానికెల్లినాడు, అంతే. గుంటడికి ఆ ఒక్కటీ ఉండనీండి."

బకెట్ తీసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయింది. తల అతికించారని చెప్పాక ఆ రేసు ఎక్కడ నిలుస్తుంది? ఆవిడకి తోచలేదు. ఆయన అడగలేదు.

---

ఆదివారం దొరబాబు రూము ఖాళీ చేసి సంచితో సహా వచ్చాడు. మర్నాడు మద్రాసు మెయిలుకి వెళ్తాడు. జగ్గారావు ఒక అంబాసిడర్ బోనెట్ తెరిచిపెట్టుకున్నాడు గాని పని చెయ్యడం లేదు.

నీలకంఠం ఫోటో తీసి చెక్కమీద పెట్టాడు. దాని నిండా నల్లకాగితం. హెరాల్డ్ మీద ఒక ముక్క, డ్రమ్ముల మీద ఒకటి, వెనక గడ్డిమోపుల మీద ఒకటి. రాత్రి కూర్చుని కత్తిరించాడు. బోనెట్ మీద ఆనిన చేతివేళ్ళ సందుల్లో కూడా నలుపు దూర్చాడు. ఇక మిగిలింది మనిషి.

"ఇదేటి కొత్త ఆట గురువుగారూ? మడిసి ఏ మోడలో సెప్పాలేటి?" అన్నాడు జగ్గారావు.

"దొరబాబూ, చూడు. బండి లేదిప్పుడు. చొక్కా మడతల్లో నీడ ఎటుంది?"

దొరబాబు అర్థంకానట్టు చూసి వంగాడు. "కుడేపు."

"ముక్కు నీడ?"

దొరబాబు వంగినవాడు లేవలేదు. భూతద్దం అందించాడు నీలకంఠం. జగ్గారావు మెడ చాచి, "అదేటి, ఇద్దరు సూరీళ్ళున్నారేటి" అని, సగంలోనే నోరు మూసుకున్నాడు.

"కాలరు దగ్గర చూడు" అన్నాడు నీలకంఠం. "కుంచెతో పూశారు. తల లైసెన్సు ఫోటోలోది. మీ అమ్మ నీకు నిజమే చెప్పింది. ఆవిడ చెప్పిన ఏటే మీ నాన్న పోయాడు."

సందులో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. భీమశంకరరావు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మాయమ్మ సెప్పినాది" అన్నాడు దొరబాబు. "తల అతికించినార్రా బాబూ అని కాళ్ళు పట్టుకున్నంత పని సేసింది. నాను ఆవిడ్ని ఏటన్నానో తెలుసా మీకు?"

భూతద్దం చెక్కమీద పెట్టేశాడు.

ఈ నెల రోజులూ అతను కోపంగా ఉన్నాడనే అందరూ అనుకున్నారు. కోపంతోపాటు అతనిలో ఇంకొకటి కూడా ఉందని నీలకంఠానికి ఇప్పుడు తెలిసింది. ఎక్కడో ఒక వీధిలో, యాభై దాటిన ఒక మనిషి, తన మొహం లాంటి మొహంతో తిరుగుతున్నాడన్న ఆశ. అది చప్పుడు లేకుండా అతని మొహంలోంచి దిగిపోయింది. తండ్రి మళ్ళీ ఒకసారి చచ్చిపోయాడు, ఈసారి నీలకంఠం చేతిలో.

"మరైతే ఈ ఒళ్ళెవరిది?" అడిగాడు దొరబాబు.

"తెలీదు. రేసులో ఎవరో."

"మా అయ్య రేసు తోల్నేదన్నమాట."

నీలకంఠం తవిటమ్మని తలుచుకున్నాడు. "ఆ సంగతి ఈ ఫోటో చెప్పదు" అన్నాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

దొరబాబు తలెత్తి ఆయన్నే చూశాడు. "ఆ రోజు నాను కాయితం తీసినప్పుడు మీరు సూసినారు. ఇయాల నాకు సూపించినోరు ఆ రోజు సూణ్ణేదంటే నాను నమ్మను. సూసినారా నేదా?"

దీనికి జవాబు నీలకంఠం ఇంటిదగ్గర తయారుచేసుకునే వచ్చాడు. అంత దూరంనుంచి పోల్చుకోలేకపోయానని, అద్దం తియ్యలేదని. నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు.

"చూశాననే అనుకుంటున్నాను" అన్నాడు. "బండి గురించి చెప్పడం అప్పటికింకా పూర్తవలేదు."

జగ్గారావు ఛ అన్నట్టు తల పక్కకి తిప్పుకున్నాడు.

"తర్వాత ఇంటిదగ్గర అద్దం పెట్టి చూశాను. నువ్విచ్చిన రోజునే. అప్పటినుంచీ తెలుసు. మీ అమ్మ అడిగేదాకా చెప్పలేదు."

దొరబాబు తిడతాడని ఎదురుచూశాడాయన. తిడితే బాగుండును. దొరబాబు లేచి, రెండడుగులు వేసి, అంబాసిడర్ పక్కన నిలబడ్డాడు. అలవాటుకొద్దీ ఎడమచెయ్యి రెక్కమీద ఆనింది, బరువు ఒక కాలిమీదకి ఒరిగింది, గడ్డం కొంచెం లేచింది. ఒక్క క్షణం అలా ఉండి, తన చేతివంక చూసుకున్నాడు. నిప్పు తగిలినట్టు తీసేశాడు. ఆ చెయ్యి జేబులో పెట్టాడు, బయటికి తీశాడు, వెనక్కి పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎవడో తెలియని ఒక మనిషిలా నిలబడ్డవాడికి తనలా ఎలా నిలబడాలో అందలేదు.

సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు జగ్గారావు.

"కేంటీనుకి. ఆదివారం కూడా డూటీయే ఆవిడికి."

ఫోటో మీది నల్లముక్కలన్నీ చేత్తో ఒక్కసారి బల్లమీదకి దులిపి, దాన్ని చొక్కాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నీలకంఠం వంక చూడలేదు. ఆయన ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంటూ కూర్చున్నాడు. ఎవరూ సాయం పట్టలేదు.

---

దొరబాబు మళ్ళీ షెడ్డుకి రాలేదు. ఉద్యోగం మానలేదని జగ్గారావు చెప్పాడు. ఆట ఇంకొన్ని ఆదివారాలు నడిచింది. నీలకంఠానికి మునుపటి వేగం పోయింది. బండి మీద చూపు పెట్టగానే పక్కనున్న నల్లముక్కల కింద ఎవరున్నారోనన్న ఆరాటం మొదలయ్యేది. ఎత్తి చూసేవాడు. "మీ నియమమే మీరు తప్పితే ఎలాగండీ" అన్నాడు భీమశంకరరావు, మెల్లగానే.

క్యాంటీన్‌లో తవిటమ్మ ఎప్పటిలాగే సాంబారు పోస్తోంది. ఒకరోజు ఆయనే అడిగాడు.

"అబ్బాయి ఇంటికొచ్చాడా?"

"వచ్చినాడు బాబూ."

"ఫోటో?"

"ఎక్కడిది అక్కడే ఉంది. మేకు కూడా ఆడే కొట్టినాడు." గరిటె బకెట్ అంచుకి తట్టింది. "రేసు సంగతి అడిగినాడేటి?"

"అడిగాడు. ఫోటో చెప్పదన్నాను."

ఆవిడ కొంచెంసేపు నిలబడింది. ఇంకేదో అంటుందనుకున్నాడు. తనకి ముందే తెలుసన్న సంగతి కొడుకు ఆవిడకి చెప్పాడో లేదో ఆ మొహంలో వెతికాడు. అంత శ్రద్ధగా ఏ మనిషి మొహంలోనూ ఆయన ఎప్పుడూ వెతకలేదు. ఆవిడ ఆయన మొహం చూడలేదు. కంచం చూసి, ఇంకో గరిటె పోసి, పక్క బల్లకి వెళ్ళిపోయింది.

నీలకంఠం కళ్ళు మూసుకున్నాడు. ఆకుపచ్చ నేతచీర, వెలిసింది, భుజంమీద అతుకు. చీర చెప్పగలిగాడు. మొహం కోసం ఇంకాసేపు అలాగే కూర్చున్నాడు. రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ హాలు చివరకి చేరింది, వీపు కనిపిస్తోంది.